ఫీల్డ్ మార్షల్ శామ్ మానెక్‌షా: తరచుగా అడిగే ప్రశ్నలు

1971 యుద్ధంలో మన గెలుపును గుర్తుచేసే డిసెంబర్ 16 దగ్గరపడిందంటే చాలు, మానెక్‌షా పేరు మీద రకరకాల కథలు ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. వాటిలో కొన్ని రికార్డుల్లో ఉన్నవి, కొన్ని ఆయన స్వయంగా చెప్పుకున్నవి, కొన్ని జనం నోళ్లలో పెరిగినవి. ఈ పేజీలో రికార్డుల్లో ఉన్నదాన్ని నేరుగా రాశాను. ఆయన నోటి నుంచే మనకు తెలిసిన సంగతులను అలాగే అని చెప్పాను. నా ఉద్దేశంలో ఆయన చమత్కారం, మీసాలు, బిరుదులు తర్వాతి సంగతి. పైవాళ్లకు నచ్చని నిజాన్ని ముఖం మీదే చెప్పడం, చెప్పాక దానికి తగ్గట్టు పని చేసి చూపించడం ఆయన అసలు గొప్పతనం. అందుకే 1971 ఏప్రిల్ గురించిన ప్రశ్న దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాను.

మానెక్‌షా ఎవరు?

భారత సైన్యానికి 1969 జూన్ నుంచి 1973 జనవరి వరకు అధిపతి. బంగ్లాదేశ్ పుట్టుకకు దారితీసిన 1971 యుద్ధంలో మన సైన్యాన్ని నడిపించినవారు. భారతదేశంలో ఫీల్డ్ మార్షల్ హోదా అందుకున్న మొదటి వ్యక్తి. పూర్తి పేరు శామ్ హోర్ముస్‌జీ ఫ్రామ్‌జీ జంషెడ్‌జీ మానెక్‌షా.

ఎక్కడ పుట్టారు? సైన్యంలోకి ఎలా వచ్చారు?

1914 ఏప్రిల్ 3న అమృత్‌సర్‌లో ఒక పార్సీ కుటుంబంలో పుట్టారు. తండ్రి డాక్టర్. నైనితాల్‌లోని షేర్‌వుడ్ కాలేజీలో చదివాక తనూ డాక్టర్ అవుదామని, అందుకు లండన్ పంపమని తండ్రిని అడిగారు. ఇంకా చిన్నవాడివి అని తండ్రి ఒప్పుకోలేదు. ఆ కోపంలో డెహ్రాడూన్‌లో కొత్తగా పెడుతున్న ఇండియన్ మిలిటరీ అకాడమీ ప్రవేశ పరీక్ష రాసి ఎంపికయ్యారు.

1932 అక్టోబర్‌లో మొదలైన ఆ తొలి బ్యాచ్‌లో ఉన్నది 40 మందే. వాళ్లలో ముగ్గురు మూడు దేశాల సైన్యాధిపతులయ్యారు: మన దేశానికి మానెక్‌షా, పాకిస్తాన్‌కు ముహమ్మద్ మూసా, బర్మాకు స్మిత్ డన్. ఒకే మెస్సులో కలిసి తిన్న కుర్రాళ్లు తర్వాత సరిహద్దులకు అటూ ఇటూ అయ్యారంటే, ఆ తరం సైనికుల జీవితాలు ఎలాంటివో తెలుస్తుంది.

మిలిటరీ క్రాస్ (బ్రిటిష్ వారి సాహస పతకం) ఎందుకిచ్చారు?

రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 ఫిబ్రవరిలో, బర్మాలో జపాన్ సైన్యం దూసుకొస్తోంది. సిట్టాంగ్ నది మీది వంతెనను కాపాడుకోవడం మన దళాలకు ప్రాణావసరం. అప్పటికి మానెక్‌షా ఫ్రాంటియర్ ఫోర్స్ రెజిమెంట్‌లో కెప్టెన్. వంతెన దగ్గరున్న పగోడా హిల్‌ని తిరిగి పట్టుకోవడానికి తన కంపెనీని ముందుండి నడిపించారు. గుట్ట దక్కింది. కానీ లైట్ మెషిన్‌గన్ కాల్పుల్లో ఏడు తూటాలు ఆయన ఒంట్లోకి దిగాయి.

డివిజన్ అధికారి డేవిడ్ కోవన్ ఆ పరిస్థితి చూసి, ఈ మనిషి ఇక బతకడనుకుని, తన యూనిఫాం మీదున్న మిలిటరీ క్రాస్ రిబ్బన్ తీసి ఆయన ఛాతీకి గుచ్చారు. చనిపోయినవాళ్లకు ఆ పతకం ఇచ్చే వీలు లేదు, అందుకని. ఆయన ఆర్డర్లీ సిపాయి షేర్ సింగ్ ఆయన్ని మోసుకుంటూ ఆసుపత్రికి చేర్చాడు. ఆశ లేదని సర్జన్ మొదట ఆపరేషన్‌కు ఒప్పుకోలేదు. షేర్ సింగ్ పట్టుబట్టాడు. ఈలోగా స్పృహ వచ్చిన మానెక్‌షాను ఏమైందని అడిగితే, కంచరగాడిద తన్నిందని జవాబిచ్చారట. ఆ మాటకు నవ్విన సర్జన్, ఈ స్థితిలోనూ ఇలా మాట్లాడుతున్నాడంటే ప్రయత్నించాల్సిందే అని కత్తి పట్టుకున్నాడు.

ఈ కథ చెప్పేవాళ్లు కంచరగాడిద దగ్గర ఆగిపోతారు. నాకు మాత్రం గుర్తుండాల్సినవాడు షేర్ సింగ్. ఆయన మొండిపట్టు లేకపోతే 1971లో ఆ కుర్చీలో ఇంకెవరో ఉండేవారు.

ఆయనకు పరమవీర చక్ర వచ్చిందా?

రాలేదు. మహావీర చక్ర కూడా రాలేదు. చాలామంది పొరబడే విషయం ఇది. ఆయన సాహస పతకం 1942 నాటి మిలిటరీ క్రాస్ ఒక్కటే. తర్వాతి పురస్కారాలు 1968లో పద్మభూషణ్, 1972లో పద్మవిభూషణ్. పరమవీర చక్ర శత్రువు ఎదుట చూపిన అసాధారణ సాహసానికి ఇస్తారు. సైన్యం మొత్తాన్ని ఢిల్లీ నుంచి నడిపించిన అధిపతి సేవ వేరే కోవకు చెందింది. పతకం లేనంత మాత్రాన ఆయనకు అన్యాయం జరిగిందనుకోనక్కర్లేదు.

పార్సీ అయిన ఆయన్ని శామ్ బహదూర్ అని ఎందుకంటారు?

దేశ విభజనలో ఆయన పాత రెజిమెంట్ పాకిస్తాన్ వాటాకు వెళ్లిపోయింది. తర్వాత ఆయన అనుబంధమంతా గోర్ఖాలతోనే. 8వ గోర్ఖా రైఫిల్స్‌కు కల్నల్ ఆఫ్ ది రెజిమెంట్‌గా, అంటే గౌరవ అధిపతిగా, ఉన్నప్పుడు, నీ చీఫ్ పేరేంటి అని ఒక గోర్ఖా జవానును అడిగితే, అతను తడుముకోకుండా శామ్ బహదూర్ అన్నాడని చెప్తారు. ఆ పేరు అలా నిలిచిపోయింది.

1947లో, ఆ తర్వాత ఏం చేశారు?

ఆర్మీ హెడ్‌క్వార్టర్స్‌లో సైనిక కార్యకలాపాల డైరెక్టరేట్‌లో ఉన్నారు. కాశ్మీర్ మహారాజు విలీనంపై సంతకం చేసే ముందు, 1947 అక్టోబర్‌లో, సంస్థానాల శాఖ కార్యదర్శి వి.పి. మీనన్‌తో కలిసి శ్రీనగర్ వెళ్లింది ఆయనే. పరిస్థితి చూసొచ్చి, ఆలస్యం చేస్తే శ్రీనగర్ దక్కదని ఢిల్లీకి చెప్పారు. అక్టోబర్ 27 ఉదయం మన దళాలు విమానాల్లో అక్కడ దిగాయి. 1948 సెప్టెంబర్‌లో హైదరాబాద్ మీద సైనిక చర్య జరిగినప్పుడూ ఆయన ఆ డైరెక్టరేట్‌లోనే ఉన్నారు.

ఈ ఆఫీసు పని వల్ల ఆయన ఎన్నడూ ఒక బెటాలియన్‌కు కమాండర్‌గా చేయలేదు. మామూలుగా పైకి వెళ్లే ప్రతి ఆఫీసరూ దాటే మెట్టు అది.

ఆయన మీద దేశద్రోహం విచారణ జరిగిందంటారు, నిజమేనా?

విచారణ జరిగింది. 1959 నుంచి ఆయన నీలగిరుల్లోని వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీకి కమాండెంట్. రక్షణ మంత్రి వి.కె. కృష్ణ మీనన్, లెఫ్టినెంట్ జనరల్ బి.ఎం. కౌల్ సైన్యంలో చక్రం తిప్పుతున్న రోజులవి. మానెక్‌షా వాళ్లిద్దరి తీరునూ దాచకుండా విమర్శించేవారు. అప్పటి సైన్యాధిపతి జనరల్ తిమ్మయ్య గురించి మీ అభిప్రాయమేంటని మంత్రి అడిగితే, చీఫ్ గురించి అభిప్రాయాలు పెట్టుకోవడం నా పని కాదు, ఇవాళ నన్ను అడిగితే రేపు నా కింది అధికారిని నా గురించి అడుగుతారు అని జవాబిచ్చినట్టు ఆయనే చెప్పారు.

కొన్నాళ్లకే ఆయన మాటల్లో, నడతలో దేశభక్తి లేదన్న ఆరోపణల మీద కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ వేశారు. వెస్టర్న్ కమాండ్ అధిపతి లెఫ్టినెంట్ జనరల్ దౌలత్ సింగ్ విచారించి, ఆరోపణల్లో పస లేదని తేల్చారు. కానీ ఈలోపు ప్రమోషన్ ఆగిపోయింది. సైన్యం వదిలి వెళ్లడం తప్ప దారి లేదన్నంత దాకా వచ్చింది. దౌలత్ సింగ్ గురించి మనం మాట్లాడుకోం. మంత్రికి నచ్చని తీర్పు ఇవ్వడం ఆయనకూ తేలికేమీ కాదు.

1962 యుద్ధంలో ఆయన పాత్ర ఏమిటి?

పోరాటం జరుగుతున్నప్పుడు ఆయన అక్కడ లేరు. చైనా చేతిలో ఓటమి తర్వాత కృష్ణ మీనన్, కౌల్ ఇద్దరూ తప్పుకోవాల్సి వచ్చింది. కౌల్ నడిపిన, అస్సాంలో తేజ్‌పూర్ కేంద్రంగా ఉన్న 4వ కోర్‌ను (కొన్ని డివిజన్లు కలిసిన పెద్ద దళం) మానెక్‌షా చేతికిచ్చారు. దెబ్బతిని, కుంగిపోయి ఉన్న దళాలకు ఆయన చెప్పిన మొదటి మాట, రాతపూర్వక ఆదేశం లేకుండా వెనక్కి తగ్గొద్దు, అలాంటి ఆదేశం ఎప్పటికీ రాదు అని. ఆ తర్వాత వెస్టర్న్ కమాండ్, 1964 నుంచి ఈస్టర్న్ కమాండ్ ఆయన చేతిలో ఉన్నాయి. 1967లో సిక్కిం సరిహద్దులోని నాథూ లా కనుమ దగ్గర చైనాను మన జవాన్లు గట్టిగా ఎదుర్కొన్నది ఆ కాలంలోనే. నాగాలాండ్, మిజో కొండల్లో తిరుగుబాట్లను ఎదుర్కొన్నందుకు పద్మభూషణ్ వచ్చింది. అన్నిటికీ మించి, తూర్పు సరిహద్దు నదులు, రోడ్లు, వానలు ఆయనకు బాగా తెలిసింది ఆ ఐదేళ్లలో.

1971 ఏప్రిల్‌లో ఇందిరా గాంధీకి నిజంగానే కాదని చెప్పారా?

ఆ ఏడాది మార్చి 25 రాత్రి ఢాకాలో పాకిస్తాన్ సైన్యం జనం మీద విరుచుకుపడింది. పశ్చిమ బెంగాల్, త్రిపుర, అస్సాంలలోకి శరణార్థులు వేలల్లో రావడం మొదలైంది. ఏడాది చివరికి వాళ్ల సంఖ్య కోటికి చేరింది. ముఖ్యమంత్రుల నుంచి ఢిల్లీకి ఒత్తిడి, పార్లమెంటులో ఒత్తిడి, పత్రికల్లో ఒత్తిడి.

మానెక్‌షా తర్వాత చాలా ప్రసంగాల్లో చెప్పినదాని ప్రకారం, ఏప్రిల్ చివర్లో మంత్రివర్గ సమావేశానికి పిలిచి, తూర్పు పాకిస్తాన్‌లోకి, అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌లోకి, వెళ్లమన్నారు. ఆయన కుదరదన్నారు. కారణాలు ఒక్కొక్కటిగా చెప్పారు. వానలు మొదలవబోతున్నాయి. అక్కడి నదులు పొంగితే ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డు కనపడదు, సైన్యం రోడ్లకే పరిమితమైపోతుంది, వైమానిక దళానికి సాయం చేయడం కుదరదు. హిమాలయాల్లో కనుమలు తెరుచుకుంటున్నాయి కాబట్టి చైనా కదిలితే రెండు వైపులా పోరాడాలి. పంజాబ్‌లో గోధుమ కోతల కాలం. రైళ్లు, లారీలు సైన్యానికి తీసుకుంటే ధాన్యం కదలదు. దళాలు దేశంలో తలో చోట ఉన్నాయి, యుద్ధానికి సిద్ధంగా ఉన్న ట్యాంకులు చాలా తక్కువ. ఇప్పుడు వెళ్తే ఓడిపోతామని నూటికి నూరు శాతం చెప్పగలను అన్నారు. సమావేశం అయ్యాక ప్రధాని ఆయన్ని ఒక్కరినే ఉండమన్నారు. ఆరోగ్యం బాగోలేదన్న పేరుతో రాజీనామా ఇవ్వమంటారా అని ఆయన అడిగారు. ఆమె వద్దన్నారు. అయితే నాకు నేనడిగిన సమయం ఇవ్వండి, గెలిపిస్తాను అన్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ కథనంతో అందరూ ఏకీభవించరు. ఇందిరా గాంధీకి కూడా వెంటనే యుద్ధానికి దిగే ఆలోచన లేదని, సలహాదారులు కూడా ఆగమన్నారని, సైన్యాధిపతి నోటితో ఆ మాట మంత్రులకు వినిపించడం ఆమెకు పనికొచ్చిందని చరిత్రకారుల్లో కొందరంటారు. ఈస్టర్న్ కమాండ్‌లో చీఫ్ ఆఫ్ స్టాఫ్‌గా ఉన్న జె.ఎఫ్.ఆర్. జాకబ్, వానలయ్యేదాకా కుదరదని మానెక్‌షాకు తాను చెప్పానని రాశారు. ఇవన్నీ నిజమే కావచ్చు. అయినా, దేశమంతా ఆవేశంలో ఉన్నప్పుడు మంత్రుల మధ్య కూర్చుని నేను సిద్ధంగా లేను అని చెప్పాల్సింది సైన్యాధిపతే. ఆయన చెప్పారు. కింది నుంచి వచ్చిన సరైన సలహాను తన మాటగా పైకి తీసుకెళ్లి, దాని బరువు తన ఉద్యోగం మీద వేసుకోవడం కూడా నాయకత్వమే అని నా నమ్మకం.

ఆ ఏడు నెలల్లో ఏం చేశారు?

యుద్ధం గురించిన చర్చల్లో ఎవరూ అడగని ప్రశ్న ఇది. గెలుపు మాత్రం ఇక్కడే తయారైంది. దళాలను సరిహద్దులకు చేర్చారు. త్రిపుర లాంటి చోట్ల సరైన రోడ్లు, రైలు సదుపాయం లేవు. అక్కడికి నెలల తరబడి మందుగుండు, ఇంధనం, తిండి సామాను మోసి నిల్వ చేశారు. నదులు దాటడానికి వంతెన సామగ్రి సమకూర్చారు. బంగ్లాదేశ్ స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న బెంగాలీ దళం ముక్తి వాహినికి శిక్షణ ఇచ్చారు. ఆగస్టు 9న సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది, అది దౌత్యవేత్తల పని. డిసెంబర్ వచ్చేసరికి నదులు తగ్గాయి, కనుమల్లో మంచు పడింది.

గెలుపు ఘనత మానెక్‌షాదేనా?

ఆయన ఒక్కరిదీ కాదు. తూర్పున సైన్యాన్ని నడిపింది లెఫ్టినెంట్ జనరల్ జగ్జీత్ సింగ్ అరోరా. మేఘనా నది మీదుగా హెలికాప్టర్లలో దళాలను దాటించింది సగత్ సింగ్. నౌకాదళానికి అడ్మిరల్ ఎస్.ఎం. నందా, వైమానిక దళానికి పి.సి. లాల్ అధిపతులు. ఢాకాను ముఖ్య లక్ష్యంగా పెట్టుకోవాలని మొదటి నుంచీ పట్టుబట్టింది తానేనని, ఆర్మీ హెడ్‌క్వార్టర్స్ దృష్టి ఖుల్నా, చిట్టగాంగ్ మీద ఉండేదని జాకబ్ రాశారు. ఈ వాదన ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

మూడు దళాలను ఒక్క తాటి మీద నడిపించడం, ప్రభుత్వానికీ సైన్యానికీ మధ్య నమ్మకం నిలపడం మానెక్‌షా వాటా. డిసెంబర్ 3 సాయంత్రం పాకిస్తాన్ మన విమానాశ్రయాల మీద దాడి చేస్తే, 16న ఢాకా రేస్‌కోర్స్ మైదానంలో తూర్పున పాకిస్తాన్ సైన్యాన్ని నడిపిన జనరల్ నియాజీ లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టారు. మధ్యలో ఆయన రేడియోలో పాకిస్తాన్ సైనికులకు సందేశాలిచ్చారు. మిమ్మల్ని చుట్టుముట్టాం, లొంగిపోతే జెనీవా ఒప్పందాల ప్రకారం గౌరవంగా చూస్తాం అని వాటి సారాంశం.

లొంగుబాటుకు ఢాకా ఎందుకు వెళ్లలేదు?

వెళ్లమని ప్రధాని అన్నారని, పోరాడి గెలిచిన ఆర్మీ కమాండర్ అరోరా కాబట్టి ఆ గౌరవం ఆయనదేనని తాను చెప్పానని మానెక్‌షా మాట. అందుకే ప్రపంచమంతా చూసిన ఆ ఫొటోలో మన చీఫ్ ఉండరు.

యుద్ధ ఖైదీల సంగతి?

దాదాపు 93,000 మంది మన చేతిలో ఉన్నారు, వాళ్లలో సైనికులు కానివాళ్లు కూడా కొందరు. రెండేళ్లకు పైగా శిబిరాల్లో వాళ్లను నియమాల ప్రకారం చూసుకున్నారు. మానెక్‌షా శిబిరాలకు వెళ్లి వాళ్లతో మాట్లాడేవారు. తమ సైనికులు హద్దు దాటకూడదని, దోపిడీ, ఆడవాళ్ల మీద అఘాయిత్యం జరిగితే సహించేది లేదని యుద్ధానికి ముందే గట్టిగా హెచ్చరించారు. సిమ్లా ఒప్పందం తర్వాత, 1972 చివర్లో, నియంత్రణ రేఖ గీతల మీద చిక్కుముడి విప్పడానికి లాహోర్ వెళ్లి పాకిస్తాన్ సైన్యాధిపతి టిక్కా ఖాన్‌తో కూర్చున్నది కూడా ఆయనే.

ఆ యుద్ధంతో మన తెలుగు ప్రాంతానికి సంబంధం ఉందా?

ఉంది. విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక విశాఖపట్నం తీరానికి దగ్గర్లో మునిగిపోయింది. అందులోని వాళ్లెవరూ బతకలేదు. బీచ్ రోడ్డులోని విజయ స్మారకం ఈ యుద్ధానిదే. విశాఖ వెళ్తే కురుసుర జలాంతర్గామి మ్యూజియంతో పాటు దాన్నీ చూడండి. ఎక్కువమంది ఫొటో దిగి వెళ్లిపోతారు, అక్కడ రాసి ఉన్నది చదవరు.

ఫీల్డ్ మార్షల్ అంటే ఏమిటి? ఆయనకు జీతం ఇవ్వలేదన్నది నిజమా?

జనరల్ కంటే పై హోదా, ఐదు నక్షత్రాలది. 1973 జనవరిలో ఆయనకు ఇచ్చారు. సైన్యంలో తర్వాత అందుకున్నది కరియప్ప ఒక్కరే, 1986లో. వైమానిక దళంలో దానికి సమానమైన హోదా అర్జన్ సింగ్‌ది.

ఫీల్డ్ మార్షల్‌కు రిటైర్మెంట్ ఉండదు. జీవితాంతం విధుల్లో ఉన్నట్టే లెక్క, కాబట్టి పూర్తి జీతం రావాలి. మానెక్‌షాకు మూడు దశాబ్దాలకు పైగా అది అందలేదు. చివరికి 2007లో, రాష్ట్రపతి అబ్దుల్ కలాం చొరవ తీసుకున్నాక, కోటి రూపాయలకు పైగా బకాయి చెక్కు ఆయన చేతికొచ్చింది. అప్పటికి ఆయన వయసు తొంభై దాటింది. దేశం ఆయనకు చేసిన పనుల్లో నాకు బాధ కలిగించేది ఇదే. ఆలస్యానికి కారణాలు ఏవైనా, ఒక ఫైలు అన్నేళ్లు కదలకపోవడానికి సమర్థన లేదు.

ఆయనకు భయమనేదే ఉండేది కాదా?

ఉండేదని ఆయనే చెప్పారు. వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీలో నాయకత్వం మీద ఇచ్చిన ప్రసంగంలో ఒక సంఘటన చెప్తారు. బర్మాలో సిక్కు కంపెనీకి కమాండర్‌గా ఉండగా, ప్రమోషన్ రాని ఒక సిపాయి సాహెబ్‌ని కాల్చేస్తానని అందరి ముందూ అన్నాడు. మానెక్‌షా అతన్ని పిలిపించి, తన పిస్టల్‌లో గుళ్లు నింపి చేతికిచ్చి, కాల్చు అన్నారు. అతను కాల్చలేదు. ఆ రాత్రి అతన్నే తన గుడారానికి కాపలా పెట్టి, పొద్దున్నే టీ, గడ్డం గీసుకోవడానికి నీళ్లు తెమ్మన్నారు. తెల్లవార్లూ తనకు నిద్ర పట్టలేదని, భయపడుతూనే పడుకున్నానని ఆ యువ ఆఫీసర్లకు ఉన్నదున్నట్టు చెప్పారు. భయం లేదనేవాడి మాట నమ్మొద్దని, అది మనుషులకు కనపడకుండా చూసుకోవాలని ఆయన ఉద్దేశం.

అదే ప్రసంగంలో, ప్రతిదానికీ అవునండీ అనేవాడు ప్రమాదకరమైన మనిషి అని కూడా అంటారు. ఆ రికార్డింగ్ ఇంటర్నెట్‌లో దొరుకుతుంది. ఇంగ్లీషులో ఉన్నా తేలిగ్గా అర్థమవుతుంది, వీలుంటే వినండి.

చివరి రోజులు ఎలా గడిచాయి?

భార్య సిలూతో కలిసి నీలగిరుల్లోని కూనూర్‌లో స్థిరపడ్డారు. ఆమె 2001లో పోయారు. ఆయన 2008 జూన్ 27న వెల్లింగ్టన్ సైనిక ఆసుపత్రిలో, 94 ఏళ్ల వయసులో, న్యుమోనియాతో కన్నుమూశారు. ఊటీలోని పార్సీ శ్మశానంలో భార్య సమాధి పక్కనే ఖననం చేశారు. రాష్ట్రపతి, ప్రధాని, రక్షణ మంత్రి ఎవరూ అంత్యక్రియలకు రాలేదు. కేంద్రం తరఫున వచ్చింది సహాయ మంత్రిగా ఉన్న మన కాకినాడ ఎంపీ పల్లంరాజు. దేశవ్యాప్తంగా సంతాప దినం కూడా ప్రకటించలేదు. దీని మీద అప్పట్లో చాలా విమర్శలొచ్చాయి, అవి న్యాయమైనవే.

మా అబ్బాయి, మా అమ్మాయి ఆర్మీ ఆఫీసర్ కావాలంటున్నారు. దారి ఏమిటి?

ఇంటర్ చదువుతూనో, అయ్యాకో యూపీఎస్సీ నిర్వహించే ఎన్డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్ష రాయొచ్చు. ఏడాదికి రెండుసార్లు ఉంటుంది. 2022 నుంచి అమ్మాయిలకూ ప్రవేశం ఉంది. ఎంపికైతే మూడేళ్లు పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో, తర్వాత ఏడాది డెహ్రాడూన్‌లో, మానెక్‌షా చదివిన అకాడమీలోనే. డిగ్రీ అయినవాళ్లకు సీడీఎస్ (కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్) పరీక్ష ఉంది. చిన్నప్పటి నుంచే అనుకుంటే ఆరో తరగతిలో గానీ తొమ్మిదిలో గానీ సైనిక్ స్కూల్లో చేర్చవచ్చు; విజయనగరం దగ్గర కోరుకొండలో, రాయలసీమలో కలికిరిలో ఉన్నాయి.

రాతపరీక్ష తర్వాత ఎస్ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డ్) ఇంటర్వ్యూ ఐదు రోజులు జరుగుతుంది. కోచింగ్‌లో బట్టీపట్టిన జవాబులు అక్కడ దొరికిపోతాయి. పిల్లలు టెన్షన్ పడకుండా తమ మనసులో ఉన్నది సూటిగా చెప్పడం ఇంట్లోనే అలవాటు చేయండి, మీరన్నదానికి ఎదురు చెప్పినా సరే వినండి.